తొమ్మిదో ప్రశ్న

“చేతులు కడుక్కున్నారా?”

ఆసుపత్రిలో కొత్త ప్రోగ్రాం పెట్టడానికొచ్చిన లెక్కల సారు ఉలిక్కిపడ్డాడు. అడ్మిషన్ కౌంటర్లో కంప్యూటర్ మీద ఇంకా చెయ్యి వెయ్యనే లేదు.

“నేను పేషెంట్లను ముట్టుకోనండీ. నాది కంప్యూటర్ పని.”

“ఆ కీబోర్డును నేను ముట్టుకుంటాను. ఆ చేత్తోనే పేషెంట్లను ముట్టుకుంటాను. కుళాయి అటుంది.”

ఆసుపత్రిలో అందరూ ఆ నర్సును సిస్టర్ అనేవారు. అతను మాత్రం కుళాయి దగ్గర్నుంచి తిరిగొచ్చేసరికే మేడమ్ అనడం మొదలుపెట్టాడు. ఎందుకో మీరే ఊహించుకోండి.

కొందరి ఒంట్లో మామూలు మందులకు లొంగని క్రిములు చడీచప్పుడు లేకుండా ఉంటాయి. జ్వరమూ ఉండదు, నొప్పీ ఉండదు. పరీక్ష ఫలితం రావడానికి మూడు రోజులు పడుతుంది. ఆలోగా అవి పక్క మంచానికి పాకుతాయి. అందుకే అతని ప్రోగ్రాం, మనిషి చేరగానే ఎనిమిది ప్రశ్నలడిగి జోస్యం చెబుతుంది. ఎరుపు వెలిగితే విడిగది, పచ్చ వెలిగితే వార్డు.

“నెల రోజులు చూస్తాను. సరిగ్గా పట్టుకుంటే ఉంటుంది, లేదంటే మూట కట్టుకో” అంది పెద్ద డాక్టరమ్మ. అది అతని రెండేళ్ళ కష్టం.

మూడు వారాల్లో పచ్చ చూపించిన ఐదుగురి పరీక్షల్లో క్రిములు బయటపడ్డాయి. అతనికి నిద్ర కరువైంది.

“జోస్యాల సారుగారూ, నాకు ఈ రోజు టీ దొరుకుతుందా?” అని ఆమె ఏడిపించేది.

“ఎరుపు మేడమ్. నాతో వస్తే పచ్చ.”

“ఐదుసార్లు తప్పారుగా. ఎలా నమ్మను?”

నాలుగో వారంలో మోకాలి ఆపరేషన్ కోసం అతను తన అమ్మమ్మను తీసుకొచ్చాడు. ఎనిమిది ప్రశ్నలూ అడిగాడు. పచ్చ.

సిస్టర్ తెర వైపు చూడలేదు. చక్రాల కుర్చీ పక్కన గొంతుక్కూర్చుని, “అమ్మమ్మా, పోయిన నెల ఎక్కడ పడుకున్నారు?” అంది.

“ఇదేం ప్రశ్న మేడమ్!”

“నువ్వుండరా. ఇంకెక్కడమ్మా, పెద్దాసుపత్రిలో, మా ఆయన మంచం కింద. ఇరవై రెండు రోజులు. ఒళ్ళు తుడవడం, కట్లు విప్పడం అన్నీ నేనేగా.”

లెక్కల సారు నోరు తెరిచాడు. “ఈమధ్య ఆసుపత్రిలో ఉన్నావా అంటే లేదన్నావేం అమ్మమ్మా?”

“నేనెక్కడున్నానురా? ఉన్నది మీ తాతయ్య. నాకేం జబ్బని!”

ఆ ఇరవై రెండు రోజులూ ఇద్దరికీ క్యారేజీ మోసింది అతనే.

“మీ ప్రోగ్రాం మంచం మీదివాళ్ళను లెక్కపెడుతుంది” అంది సిస్టర్ మెల్లగా. “మంచం కిందివాళ్ళ సంగతేంటి సారూ?”

అతను వెళ్ళి అమ్మమ్మకు విడిగది అడగ్గానే పెద్ద డాక్టరమ్మ కళ్ళజోడు సవరించుకుంది. “పచ్చ మనిషికి విడిగదా? అయితే నీ ప్రోగ్రాం తప్పని నువ్వే ఒప్పుకున్నట్టు.”

“తప్పే డాక్టరుగారూ. ముందు మా అమ్మమ్మకి విడిగది ఇవ్వండి.”

ప్రోగ్రాం పట్టుకోలేకపోయిన ఐదుగురికీ ఆ మధ్యాహ్నమే ఇద్దరూ ఫోన్లు చేశారు. నలుగురు అంతకుముందే అయినవాళ్ళకు తోడుగా ఏదో ఒక ఆసుపత్రిలో రోజుల తరబడి పడుకున్నవాళ్ళే! ఐదో ఆయన ఎవరి పక్కనా పడుకోలేదని, తనకసలు నిద్రే రాదని అరగంట చెప్పాడు.

మూడో రోజు అమ్మమ్మ ఫలితం వచ్చింది. క్రిములున్నాయి. సర్జన్ అవి లొంగే మందును ఆపరేషన్‌కు ముందే మార్చి ఇచ్చాడు. మోకాలి కుట్లు చక్కగా మానసాగాయి. వార్డులో ఒక్కరికీ అంటుకోలేదు.

నెలాఖరు మీటింగులో పెద్ద డాక్టరమ్మ, “ప్రోగ్రాం ఉంటుంది, తొమ్మిది ప్రశ్నలతో” అంది. చప్పట్లు మోగాయి.

అతను లేచాడు. “ఎనిమిది ప్రశ్నలకు నాకు రెండేళ్ళు పట్టింది. తొమ్మిదోది మేడమ్‌ది. గొంతుక్కూర్చుని అడగాలని నాకు తోచలేదు.”

ఈసారి చప్పట్లు ఆగలేదు. సిస్టర్ తల దించుకుంది గానీ నవ్వు దాగలేదు.

సాయంత్రం ఇద్దరూ గౌన్లు, గ్లవ్స్ తొడుక్కుని విడిగదిలోకి వెళ్ళారు.

“నన్ను పట్టుకున్న పిల్ల ఈవిడేనా?” అంది అమ్మమ్మ. “నిన్నూ పట్టుకున్నట్టుందిరా!” ఇద్దరి చేతులూ లాగి ఒకదాన్లో ఒకటి పెట్టేసింది. రబ్బరు కీచుమంది.

బయటికొచ్చి గ్లవ్స్ విప్పాక అతను గొంతు సవరించుకున్నాడు. “మేడమ్, పదో ప్రశ్న ఒకటుంది.”

“చేతులు కడుక్కున్నాక అడగండి.”

కడుక్కున్నాడు, మోచేతుల దాకా. పక్కనే ఆమె కూడా. అప్పుడడిగాడు.

లోపల్నుంచి అమ్మమ్మ కేకేసింది. “ఏమందిరా? ఎరుపా, పచ్చా?”

“పచ్చే అమ్మమ్మా!” అంది సిస్టర్, అతని తడి చెయ్యి వదలకుండానే.