స్పూలు తిరిగినంతసేపు

"సాయంత్రానికల్లా ఇవన్నీ ఫోన్లకి ఎక్కించిస్తరా?" అని మధులత అడగ్గానే కిషోర్‌కు ఒళ్లు మండింది.

అతనిది బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్ ఉద్యోగం. పిచ్చి మాత్రం పాత స్పూల్ టేప్ రికార్డర్ల మీద. మణుగూరు కాలనీ మొత్తంలో ఆ పిచ్చి ఉన్నది అతనొక్కడికే. అది తెలిసే ఆ అమ్మాయి తన తాత జంపయ్య రికార్డు చేసిన స్పూళ్లను కారేపల్లి నుంచి రైల్లో మోసుకొచ్చింది.

"ఇది కాపీ పేస్ట్ కాదండీ. గంట పాటకు గంట తిరగాల్సిందే."

"అయితే కూసుంట. తాత పాణమంత వీట్లనే ఉన్నది. ఇడిచిపెట్టి పోను."

అలా ప్రతి ఆదివారం వచ్చి అతని గదిలో కూర్చునేది. టేపుల్లో నానమ్మ వరినాట్ల పాటలు, మధ్యలో తాత దగ్గు, పెంకుల మీద వాన. ఒకరోజు బయట కూడా వాన పట్టుకుంది. ఏ వాన ఏదో తెలియక మధులత కిటికీ తెరిచి చూసి, తడిసిన మొహంతో వెనక్కి తిరిగి నవ్వింది. కిషోర్ పని అక్కడే అయిపోయింది.

ఆ తర్వాత టేపును చదివే హెడ్డుకు దుమ్ము పట్టిందంటూ మాటిమాటికీ మిషన్ ఆపి దూదితో తుడవడం మొదలుపెట్టాడు. లేని దుమ్మును ఎంత శ్రద్ధగా తుడిచేవాడో! ఆమె వెళ్లాక వారమంతా ఆ గదిలో కూర్చోలేకపోయేవాడు.

చివరికి ఒక ఆదివారం, సత్తుపల్లిలో ఉద్యోగం వచ్చిందని, రేపే చేరాలని, ఇదే ఆఖరి స్పూలని చెప్పింది. అతను టేపు ఎక్కించాడు.

పాట లేదు, మాట లేదు. సన్నటి గాలి చప్పుడు మాత్రం వస్తోంది. ఇది ఖాళీ టేపని కిషోర్‌కు కాసేపట్లోనే అర్థమైంది. చెబితే ఆమె లేచి వెళ్లిపోతుంది. ఇక మళ్లీ రావడానికి కారణం ఉండదు. చెయ్యి మీట దాకా వెళ్లి ఆగిపోయింది.

టీ తెచ్చిన కిషోర్ తల్లి సునంద, "ఏంది, ఏం వినవడ్తలేదు?" అంది.

"వస్తదమ్మా. జర ఆగాలె."

మధులత కూడా అవునన్నట్టు తలూపింది. సునంద ఇద్దరి మొహాలూ చూసి, గ్లాసులు పెట్టి వెళ్లిపోయింది.

టేపు కొస జారి స్పూలు టపటపా కొట్టుకునేదాకా ఇద్దరూ కదల్లేదు.

"ఖాళీదని మొదట్లనే తెల్సింది. చెప్తే ఎల్లిపోతవని చెప్పలే" అన్నాడు కిషోర్. 'మీరు' ఎప్పుడు జారిపోయిందో అతనికే తెలియలేదు.

మధులత తలొంచుకుంది. "తాతవి పోయిన ఆదివారమే అయిపోయినయ్. ఇది నేను ఆన్‌లైన్ల కొన్న. ఇంకొక్క గంటన్న కూసోవచ్చని."

కిషోర్ మిషన్ ఆపాడు. "ఉద్యోగానికి పో మధూ. ఆదివారాలు మాత్రం నాకియ్యి."

ఆమె నిండిన స్పూలు తీసి అతని చేతిలో పెట్టింది.

"దీనికి రెండో దిక్కు గూడ ఉంటది గద. తిప్పి పెట్టు."

"అది గూడ ఖాళీనే."

"తెల్సు. పెట్టు."