వెండెల్ పండగల జాబితా

అమెరికాలో సరస్సు ఒడ్డునున్న డులూత్‌లో జనవరి అంటే నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. సరస్సు నీటిమట్టాలు రాసిపెట్టే ఆ చిన్న ఆఫీసులో లోర్నా పదకొండేళ్లుగా పనిచేస్తోంది. ఊరంతా కొత్త కొత్త ప్రోగ్రాములు వాడుతున్నా ఆ ఆఫీసువాళ్లు మాత్రం నల్ల తెర, తెల్ల అక్షరాల పాత ఎడిటర్‌నే పట్టుకు వేళ్లాడుతున్నారు. ఉత్తరం రాసినా, క్యాలెండర్ తెరిచినా అందులోనే.

ఆ ఎడిటర్ వాడేవాళ్లకి ఓ జాడ్యం ఉంది. సెట్టింగులు సొంతంగా రాసుకోరు. సీనియర్ ఫైలు తెచ్చుకుని, చదవకుండానే వాడేసుకుంటారు. పక్కింటావిడ దగ్గర కారప్పొడి తెచ్చుకున్నట్టు, ఏం కలిపావమ్మా అని అడిగే పాపాన పోరు. ఆఫీసులో అందరికంటే సీనియర్ వెండెల్ మొన్న అక్టోబరులో కారు నడుపుతూ గుండె ఆగి పోయాడు. సర్వర్‌లో ఆయన ముప్ఫై ఏళ్లుగా పెంచిన ఫైలుంది. తన క్యాలెండర్ పండగలన్నీ ఆ ఫైల్లోంచే చదువుకునేలా లోర్నా పెట్టేసుకుంది.

ఆ సాయంత్రం క్యాలెండర్ తెరిస్తే జనవరి పదిహేడు ఎర్రగా కనిపించింది. ఎరుపంటే పండగ. ఆ రోజు ఏ పండగా లేదే అనుకుంటూ దాని మీదికెళ్లి మీట నొక్కింది. కింద ఒకే పేరు వచ్చింది.

ఆర్విడ్.

లోర్నా మొగుడి పేరది.

ఫైలు తెరిచి చూసింది. థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ లాంటి వాటి నడుమ కొన్ని వింత పండగలున్నాయి. ఏప్రిల్ 11, ఆగ్నెస్. పైఅంతస్తు ఆగ్నెస్ మెట్ల మీద జారిపడి చనిపోయిన రోజు అది. అక్టోబరు 3, వెండెల్. ఆయన పోయిన రోజే. ఏ వాక్యం ఎవరు, ఎప్పుడు రాశారో సర్వర్ దాచి ఉంచుతుంది కదా, అదీ చూసింది. ఆగ్నెస్ పేరు ఆమె పోవడానికి మూడు నెలల ముందు రాశారు. వెండెల్ పేరు ఆగస్టులో రాశారు. ఆర్విడ్ పేరు మొన్న మంగళవారం రాశారు.

మూడింటినీ రాసింది వెండెలే.

లోర్నాకి ముందు కర్టిస్ మీదే అనుమానం వచ్చింది. సర్వర్ తాళాలన్నీ అతని చేతిలోనే ఉంటాయి మరి.

"వెండెల్ అకౌంట్ ఇంకా తెరిచే ఉంచావా?"

"అంత్యక్రియల మర్నాడే మూసేశాను. ఏం?"

"మరి అందులో మా ఆయన పేరెవరు రాశారు?"

"మీ ఆయన పేరేంటో కూడా నాకు తెలీదు తల్లీ. చచ్చినాయన పేరుతో వేళాకోళాలు నాకు చేతకావు."

కాఫీ కప్పులోంచి తల ఎత్తకుండానే అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే ఉందనుకుంది లోర్నా. తన సీటుకొచ్చి ఆ వాక్యం చెరిపేసింది.

మర్నాడు తెరిస్తే పదిహేడో తేదీ మళ్లీ ఎర్రగా ఉంది.

మళ్లీ చెరిపింది. ఈసారి కుర్చీలోంచి కదల్లేదు. చూద్దాం, ఎలా రాస్తాడో. రేడియేటర్ టకటకమంటోంది. తడిసిన ఉన్ని కోటు వాసన ఎక్కణ్ణుంచో వస్తోంది... గది వెచ్చగానే ఉన్నా వేళ్లు కొంకర్లు పోతున్నాయి.

"నే వెళ్తున్నా. లైట్లు ఆర్పెయ్," అన్నాడు కర్టిస్. గుమ్మంలో నిలబడి, రెండు చేతులకీ చేతితొడుగులు తొడుక్కుంటున్నాడు.

సరిగ్గా అప్పుడే తెర మీద అక్షరాలు పడ్డాయి. ఒకటి... ఆగి... ఇంకొకటి. ఒంటివేలితో వెతుక్కుంటూ కొట్టినట్టు.

ఆర్విడ్.

కర్టిస్ కాదు. అయ్యో దేవుడా, ఇతను కాదు.

లోర్నాకి చచ్చేంత భయమేసింది. కానీ ఏళ్ల తరబడి ప్రోగ్రాములు రాసిన బుర్ర కదా, భయంలోనూ సందు వెతికింది. ఆ వాక్యంలో నెలా తేదీ ఉన్నాయి, అంతే. పేరుని ముట్టుకోలేదు. నెల రెండు చేసింది. తేదీ ముప్ఫై చేసింది. ఫిబ్రవరి ముప్ఫై. ఏ క్యాలెండర్‌లోనూ రాని రోజు.

కాచుక్కూచుంది. చెరిపితే ఒప్పుకోనిది, జరిపితే ఊరుకుంది.

పదిహేడున తనకి ఒంట్లో బాలేదని అబద్ధమాడి ఆర్విడ్‌ని ఇల్లు కదలనివ్వలేదు. గడ్డకట్టిన సరస్సు మీదికి చేపలకి పోనివ్వలేదని అతను రోజంతా సణిగాడు. రాత్రి అతని గురక వింటూ లోర్నా దిండులో మొహం దాచుకుని ఏడ్చింది. బతికించుకున్నాను అనుకుంది.

ఫిబ్రవరి ఇరవై ఎనిమిదితో అయిపోయింది. మార్చి ఒకటి ఉదయం లేచేసరికి పక్కన ఆర్విడ్ లేడు. బయట మంచు తుఫాను, ఎదురిల్లు కూడా ఆనడం లేదు. అతని ట్రక్కు వాకిట్లోనే ఉంది. మెట్ల మీద మోకాలిలోతు మంచు, ఒక్క అడుగు గుర్తు లేదు.

ఫోన్ చేసింది. రెండో మోతకే ఎత్తాడు.

"ఎక్కడున్నావ్?"

"సరస్సు మీద. ఎండ చూశావా ఎంత బాగుందో. గాలి చుక్క లేదు."

లోర్నా కిటికీ వైపు చూసింది. అద్దం గాలికి వణుకుతోంది.

"ఆర్విడ్... ఇవాళ తేదీ ఎంత?"

"ముప్ఫై. నిన్న ఇరవై తొమ్మిది, అవునా? మీట్‌బాల్స్ చేసింది నువ్వే కదా, మర్చిపోయావా?" నవ్వాడు. "ఇక్కడెవరో పెద్దాయన నా పక్కనే కూచున్నాడు. మీ ఆఫీసులోనే పనిచేసేవాట్ట."

లోర్నా ఫోన్ చెవికి గట్టిగా అదిమిపెట్టుకుంది.

"నీకు థాంక్స్ చెప్పమంటున్నాడు. ఇక్కడ ఆయనొక్కడే ఉండేవాట్ట ఇన్నాళ్లూ."