ఎర్రదీపం సెలవు

"కళ్లు మూసుకోమ్మా. నిద్ర పట్టినా ఫరవాలేదు," అంది డాక్టర్ అహల్య.

లేబొరేటరీలో ఇనుప మంచం మీద పైడితల్లి కళ్లు మూసుకుంది. తలగడ పక్కన కంపెనీ ఫోను, చేతికి అలుపు కడియం.

ఆ కడియం సంగతి ముందు చెప్పాలి. ఇప్పుడు విశాఖపట్నంలో కొలువు చేసే ప్రతి మనిషి చేతికీ అది ఉంటుంది. చూడ్డానికి గాజంత. లోపలి సెన్సర్ నాడినీ, చెమటనూ, ఒంటి వేడినీ పట్టి చూస్తుంది. పనిలో ఉంటే ఎర్రదీపం, విశ్రాంతిలో ఉంటే పచ్చదీపం. ఎరుపు వెలిగినంతసేపూ జీతం. సెలవునాడు వెలిగితే ఇంకోరోజు బదులు సెలవు. ఎంత వింత! మనిషి నోరు విప్పి అడగక్కర్లేదు, ఒళ్లే చెప్పేస్తుంది. కనిపెట్టింది ఈ అహల్యే.

పైడితల్లిది ఆస్పత్రుల్లో ఆక్సిజన్ మిషన్లు బాగుచేసే పని. శనివారం వచ్చిందంటే ఏదో ఒక ఊరు పోవాలి, మిషను పక్క గదిలో పడుకుని, కంపెనీ ఫోను మోగితే లేస్తూ ఆదివారం దాకా కాపలా కాయాలి. ఆ రాత్రులన్నీ కడియం పచ్చగా వెలిగేది.

"హాయిగా పడుకుని వచ్చావు కదమ్మా, దానికి జీతమేంటి, సెలవేంటి?" అనేవాడు మేనేజరు జగ్గారావు.

జీతం సరే, ఈ సోమవారం సెలవు మాత్రం ఆమెకు కావాలి. కూతురు సిరికి పుట్టినప్పటి నుంచీ చెవులు వినబడవు. ఆపరేషన్ చేసి చెవిలో మిషను పెట్టారు. సోమవారం దాన్ని ఆన్ చేస్తారు. పిల్ల మొట్టమొదట వినే గొంతు తనదే కావాలి. ఉన్న సెలవులన్నీ ఆపరేషన్‌కే అయిపోయాయి. అందుకే జగ్గారావుతో వాదించడం మాని, కడియం చేసినామె దగ్గరికే వచ్చింది.

అహల్య ఫోను తీసేసి ఒకసారి, తలగడ పక్కనే ఉంచి ఒకసారి ఆమెను పడుకోబెట్టింది. గ్రాఫులు చూసి నోరు తెరిచింది.

"ఫోనుంటే నీ ఒళ్లు నిద్రపోతోంది కానీ చెవి నిద్రపోవట్లేదు!"

"అదే కదా మేడం నేను మొత్తుకుంటున్నది. మీకు పిల్లలున్నారా?"

"లేరు."

"అందుకే మీ కడియానికి తెలీలేదు."

అహల్య నవ్వేసింది. "సరే, కాచుకుని ఉండటాన్నీ ఎరుపులో చేరుస్తాను. ఒక్క మాట. కాచుకున్నావని దానికి తెలుస్తుంది కానీ, ఎవరికోసమో తెలీదు."

"అంత చాలు మేడం."

ఆ వారమే ఊళ్లోని కడియాలన్నిటికీ కొత్త లెక్క చేరింది. శనివారం పైడితల్లి పాలకొండ పోయింది. పడుకున్నా ఎర్రదీపం ఆరలేదు. జగ్గారావు మారుమాట్లాడకుండా సోమవారం సెలవిచ్చాడు.

పొద్దున్నే సిరికి కొత్త గౌను తొడిగి ఆస్పత్రికి తీసుకెళ్లింది. చెవుల డాక్టరు గది తాళం వేసి ఉంది.

"డాక్టరుగారు శని, ఆదివారాలు అరకు క్యాంపులో ఉన్నారమ్మా," అంది నర్సు. "పడుకున్నదీ పనేనట, కొత్త లెక్క. ఇవాళ బదులు సెలవు. ఎవరు పెట్టించారో ఏమో! రేపు రండి."

పైడితల్లికి ఏడవాలో నవ్వాలో తెలీలేదు. బల్ల మీద కూలబడి, జగ్గారావుకి ఫోన్ చేసింది.

"సార్, రేపు కూడా రాను. జీతం కోసుకోండి, ఉద్యోగంలోంచి తీసేయండి. మా పిల్ల నా గొంతే ముందు వినాలి."

అవతల కంప్యూటర్ మీటలు నొక్కుతున్న చప్పుడు వినిపించింది.

"జీతం కోయడానికి వీల్లేదమ్మా," అన్నాడు జగ్గారావు నీరసంగా. "తెల్లారకముందు నుంచీ నీ దీపం ఎర్రగానే ఉందిక్కడ. సెలవునాడు డ్యూటీ చేశావట. రేపు నీకు బదులు సెలవు నేనే ఇవ్వాలట!"

ఆమె చేతి వంక చూసుకుంది. నిజమే.

సిరి ఆ చెయ్యి లాక్కుని, ఎర్రగా వెలిగే కడియాన్ని చెవికి ఆనించుకుంది. ఏమీ వినబడక తల్లి మొహంలోకి చూసింది.

రేపు, అని సైగ చేసింది పైడితల్లి.