తెల్లన్నం తిన్న నేరం

జపాన్‌లో బియ్యానికి పేరుపడ్డ నీగతాలో నిలబడి అక్కడి బియ్యాన్ని వెక్కిరించడానికి గుండెధైర్యం ఉండాలి. షుయున్ అక్కడ ఓ సూపర్ మార్కెట్లో ఆ పనే చేసింది. ఇంతకంటే చైనాలో తమ హార్బిన్ దగ్గర పండే ఊచాంగ్ బియ్యం నయమని స్నేహితురాలితో అంది. పక్కనే సంచులు సర్దుతున్న సోహెయ్‌కి ఒళ్లు మండింది. అవి వాళ్ల నాన్న పండించినవి.

"తిని చూసి మాట్లాడండి."

"మావి తిని మీరు మాట్లాడండి."

ఆ పోట్లాట తేల్చుకోవడానికని కలుసుకుంటూ కలుసుకుంటూ పెళ్లిదాకా వచ్చారు. అయితే తనను పెంచిన నానమ్మ వద్దంటే చేసుకోనని షుయున్ ముందే చెప్పేసింది.

నానమ్మ హార్బిన్ నుంచి విమానంలో వచ్చింది. సోహెయ్ తనకు తెలిసిన గొప్ప కానుక పట్టుకెళ్లాడు, కొత్త బియ్యం. పెద్దావిడ అతన్ని ఎగాదిగా చూసి ఏదో అంది.

"కష్టపడే చేతులంటోంది," అని షుయున్ చెప్పింది. మొరటు చేతులందని ఆవిడ మొహమే చెబుతోంది.

సంచి విప్పగానే నానమ్మ ఆ తెల్లటి గింజలు అరచేతిలో పోసుకుంది. తర్వాత చిన్న గొంతుతో ఏదో చెప్పింది. షుయున్ మొహం పాలిపోయింది. ఆ సంగతి తనూ ఇప్పుడే వింటోంది.

"ఈసారి మార్చకు. ఉన్నదున్నట్టు చెప్పు," అన్నాడు సోహెయ్.

షుయున్ నానమ్మ మాటల్లోనే చెప్పింది. "మీవాళ్లు మమ్మల్ని ఏలిన రోజుల్లో తెల్లన్నం మీకే. మేం తింటే నేరం. మా నాన్న ఓ పెళ్లిలో చాటుగా తిన్నాడు. తిరిగొస్తూ రైల్లో కక్కుకున్నాడు. అందులో మెతుకులు చూసి పోలీసులు పట్టుకుపోయారు. మళ్లీ రాలేదు."

సోహెయ్ బడిలో ఆ రోజుల గురించి చదివింది ఒక్క పేజీ. అందులో మెతుకుల మాట లేదు. సిగ్గుతో సంచి మూతి కట్టి తీసుకుపోబోయాడు.

"ఎక్కడికి? వండు," అంది నానమ్మ.

కడిగి, నానబెట్టి వండాడు. మొదటి గిన్నె ఆవిడ ఖాళీ కుర్చీ ముందు పెట్టింది.

"తిను నాన్నా. ఇవాళ ఎవరూ పట్టుకోరు. వండింది వాళ్ల పిల్లాడే."

షుయున్ ఆ మాటలు అతని చెవిలో చెప్పి, చెయ్యి పట్టుకుని వదల్లేదు. సోహెయ్‌కి ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

నానమ్మ తన గిన్నె ఖాళీ చేసి, నెమ్మదిగా ఏదో అంది.

"చాలా బాగుందంటోంది," అంది షుయున్.

"నిజం చెప్పు."

"మా ఊచాంగ్ బియ్యం ముందు దిగదుడుపేనట. పెళ్లికి మా ఊరొస్తే నీకు కడుపునిండా పెడుతుందట."