పాలాయన కొడుకు, పాలు లేని బిస్కెట్

వెంకటేశ్ ఆ బేకరీకి మొదటిసారి వెళ్లింది ఉద్యోగానికి కాదు, కొట్లాటకు.

ఆబిడ్స్ నుంచి గన్‌ఫౌండ్రీకి పోయే సందులో ఉంది ఆ బేకరీ. వెంకటేశ్ తండ్రి బీరయ్య ఏళ్ల తరబడి అక్కడ పాలు పోస్తున్నాడు. ఉన్నట్టుండి ఒకరోజు "రేపట్నుంచి పాలు వద్దు" అని కబురొచ్చింది. బీరయ్యకు కోపం వస్తే మాటలు రావు. ఆ ఇంట్లో మాటలు పుష్కలంగా ఉన్నది కొడుకు దగ్గరే. బీకాం పాసై, కాల్ సెంటర్లో కస్టమర్ల తిట్లు తిని, చివరికి వాళ్లూ పొమ్మంటే నాంపల్లిలోని ఇంటికొచ్చి, మంచం మీద పడుకుని దేశ ఆర్థిక పరిస్థితి గురించి ఆలోచిస్తున్న మేధావి. అందుకని అతన్నే పంపారు.

కౌంటర్ వెనక ఒక అమ్మాయి నిలబడి ఉంది. ముక్కు మీద పిండి, చేతిలో గరిటె.

"మా పాలల్ల నీళ్లు గిట్ల కలిసినయా మేడం?"

"లేదు. మా కేకులల్లనే పాలు కలుస్తలేవు. తాత పోయినంక బేకరీ నా చేతికొచ్చింది. ఇంక పాలు, వెన్న, గుడ్లు ఏవీ ఉండవు. అంత వీగన్."

"మరి ఏం బేక్ చేస్తరు, గాలా?"

"ఔ. నీ అసొంటోళ్లు వచ్చి ఉత్తగ ఇచ్చిపోతుంటరు కదా."

కాల్ సెంటర్లో నేర్పిన మాటలేవీ ఇక్కడ పనికొచ్చేలా లేవు.

"గిన్నేండ్లు పోసినం. జర మా నాయిన ముఖమన్న చూడున్రి."

"ఏం ముఖం? మీ నాయిన ఒక్కనాడన్న మాకు కొసరు పోసిండా?"

"దుకాణాలకు కొలత మేడం. కొసరు ఇండ్లకే. గది మా నాయిన కానూన్."

ఆమె నవ్వింది. "నోరు మంచిగనే ఉంది. నాకు కౌంటర్ల మనిషి లేడు. చేస్తవా?"

అలా కొట్లాటకు పోయిన వీరుడు ఏప్రన్ కట్టుకున్నాడు. ఆ అమ్మాయి పేరు మృదుల. పేరు పెట్టేముందు ఆమె మాట్లాడటం ఎవరూ విని ఉండరు.

ఇంట్లో మాత్రం బషీర్‌బాగ్‌లో ఆఫీసు అని చెప్పాడు. తల్లి కొండమ్మ మురిసిపోయి రోజూ ఇస్త్రీ చొక్కా ఇచ్చేది. అది సాయంత్రానికి పిండి కొట్టుకుని తిరిగొచ్చేది.

"ఏందిరా గిది?"

"ఆఫీసుల గోడల సున్నం రాలుతుందమ్మా."

పనిలో చేరిన కొత్తలోనే కాబూలీ శనగలు ఉడికించిన నీళ్లు పారబోయబోయి తిట్లు తిన్నాడు.

"ఆగు! గవి మనకు గుడ్ల సొన లెక్క!"

"మేడం, మా ఇంట్ల గవి మోరీల పోస్తరు."

మృదుల ఆ నీళ్లను మెషీన్లో పోసి గిలక్కొట్టింది. అవి తెల్లగా నురగ కట్టి గిన్నె నిండా పొంగాయి. వెంకటేశ్ నోరు తెరుచుకుంది గానీ, అందులోంచి మాట రాలేదు. అది చరిత్రలో మొదటిసారి.

"ఇంకొక్కసారి చెయ్యి మేడం," అన్నాడు.

ఆ రోజు నుంచి అతను కౌంటర్లో కన్నా ఓవెన్ దగ్గరే ఎక్కువ కనిపించేవాడు. అరటిపండుతో కేకు పొంగితే తానే పొంగినంత సంబరపడేవాడు. ఇంటికెళ్లాక మంచం మీద పడుకుని ఇప్పుడు దేశం గురించి కాదు, మైదా గురించి ఆలోచిస్తున్నాడు.

అన్నీ కుదిరాయి గానీ ఉస్మానియా బిస్కెట్ ఒక్కటే కుదరలేదు. వెన్న లేకపోయేసరికి అట్టముక్కలా తయారయ్యేది. చాయ్‌లో ఎంతసేపు ముంచినా తన పట్టుదల వదిలేది కాదు.

ఒకరోజు వెంకటేశ్‌కు తల్లి నెయ్యి కాచే తీరు గుర్తొచ్చింది. కొబ్బరిపాలు సన్నమంట మీద పెట్టి, అడుగంటకుండా తిప్పుతూ కూర్చున్నాడు. నూనె పైకి తేలింది. అడుగున ఎర్రగా కోవా లాంటిది మిగిలింది. రెండూ వేసి పిండి కలిపాడు.

మృదుల ఒక బిస్కెట్ కొరికింది. ఇంకొకటి తీసుకుంది. ఆమె తిట్టకపోయేసరికి అతనికి భయం వేసింది.

"ఖరాబైందా మేడం?"

"నాకు పాలు పడవు. చిన్నప్పుడు జరంత తిన్నా దవాఖానకు ఉరికేటోళ్లు. మా సొంత బేకరీల ఉస్మానియా బిస్కెట్‌ను అద్దం బయట నిలబడి చూసుడే." కళ్లు తుడుచుకుంటే పిండి కాస్తా చెంపలకు కూడా అంటింది. "అసలుది గిట్లనే ఉంటదా?"

వెంకటేశ్ దగ్గర ఒక జోకు సిద్ధంగా ఉంది. దాన్ని మింగేశాడు.

"గింతకంటె కొంచెం తక్కువనే ఉంటది," అన్నాడు.

ప్రేమలో పడ్డానని అతనికి అప్పుడే అర్థమైంది. పిండి పనికి రోజూ ఆ ఇస్త్రీ చొక్కాలే ఎందుకు తొడుక్కుంటున్నాడో కూడా అప్పుడే అర్థమైంది.

శ్రావణం వాన ఆబిడ్స్‌ను ముంచెత్తిన ఒక మధ్యాహ్నం, టీవీఎస్ బండి ఆపి ఒక మనిషి ఆ బేకరీ రేకుల కిందికి ఉరికొచ్చాడు. తలెత్తి చూశాడు. కౌంటర్లో కొడుకు, ఏప్రన్‌తో సహా.

"గిదేనా బషీర్‌బాగ్?" అన్నాడు బీరయ్య.

వెంకటేశ్ ఏం చెయ్యాలో తోచక చాయ్, బిస్కెట్ చేతికిచ్చాడు. బీరయ్య వాసన చూసి కొరికాడు.

"పాలది కాదు."

"ఔ నాయిన."

"కాచింది నువ్వేనా? మీ అమ్మ తీరుగ తిప్పినవ్."

వెంకటేశ్‌కు ప్రాణం లేచొచ్చింది. అప్పుడే బీరయ్య చూపు అతని వెనక అరమీద పడింది.

"గదేంది?"

"కొబ్బరిపాలు."

"ప్యాకెట్టా?"

బీరయ్యకు ఈ లోకంలో ఒక్కటే శత్రువు, ప్యాకెట్ పాలు. చాయ్ గ్లాసు ఠక్కున కింద పెట్టాడు.

"నా పాలొద్దన్నరు, మంచిది. కని నా కొడుకై ఉండి ప్యాకెట్ పాలు కాస్తున్నవా!"

అంత వానలోనూ బండెక్కి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం బీరయ్య గోడవైపు తిరిగి అన్నం తిన్నాడు. వెంకటేశ్ తల్లికి అంతా చెప్పేశాడు.

"నాయినను బాధపెట్టి నేనా పని చెయ్యనమ్మా, మానేస్త. కని ఆ పిల్లను మాత్రం మర్చుడు నాతోని కాదు."

గోడవైపున్న వీపు ఏమీ వినిపించుకోనట్టే ఉంది.

మర్నాడు పొద్దున్నే ఏప్రన్ మడతపెట్టి మృదులకు అందించాడు.

"పోతున్న మేడం."

"పో. ఫికర్ లేదు," అంది మృదుల. కానీ ఏప్రన్ అందుకోలేదు. "మరి శనగ నీళ్లు ఎవరు గిలక్కొడ్తరు?"

"నీకు కావాల్సింది గిలక్కొట్టేటోడా, నేనా?"

"ఇద్దరూ ఒక్కడే అయితే నాకు జీతం మిగులుతది కదా."

ఆ వెటకారం కాస్త కూడా అతికినట్టు లేదు. అతను ఏదో అనబోయేలోపు బయట టీవీఎస్ బండి ఆగింది.

బీరయ్య క్యాను దించుకుని లోపలికొచ్చాడు.

"గిన్నె తెస్తవా బిడ్డా? కొబ్బరిపాలు. పొద్దుగాల నేను తురిమిన, వీళ్లమ్మ పిండింది. ఆ ప్యాకెట్లు అవుతల పారెయ్యి. నా కండ్లకు కనవడొద్దు."

మృదుల గిన్నె తెచ్చింది. బీరయ్య లీటరు కొలతతో నిండుగా, ఒక్క చుక్క అటూ ఇటూ కాకుండా పోశాడు. క్యాను మూత తీసుకున్నాడు. పెట్టబోయి ఆగాడు. కొలత మళ్లీ ముంచి, గిన్నెలో ఇంకొంచెం పోశాడు.

"దుకాణాలకు కొసరు ఉండదంట కదా?" అంది మృదుల మెల్లగా.

"ఉండదు," అన్నాడు బీరయ్య మూత బిగిస్తూ. "ఇండ్లకే పోస్త."

కొడుకు వైపు చూడకుండానే క్యాను ఎత్తుకుని వెళ్లిపోయాడు. మృదుల గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది, చెవుల దాకా ఎర్రబడి.

"మేడం..." అన్నాడు వెంకటేశ్.

మృదుల అతని చేతిలోని ఏప్రన్ లాక్కుని, విప్పి, అతని మెడలో వేసింది.

"ముందుగాల గా మేడం అనుడు బంద్ చెయ్యి."