మన భాషవాడు

"పక్కకి జరగండి! దొంగ... దొంగ!"

ఎవరూ జరగరు. ఆమె అరుపు ఈ దేశంలో ఎవరికీ అర్థం కాదు.

చీకటి పడింది. వీధి నిండా టూరిస్టులు. వాళ్ల మధ్యలోంచి వాడు జారిపోతున్నాడు. భుజాన నీలం బ్యాగు!

బ్యాగులో భర్త ఇన్సులిన్ ఉంది. మొత్తం అంతా!

హోటల్ గదిలో ఆయన మధ్యాహ్నం నుంచి వాంతులు చేసుకుంటున్నాడు. షుగర్ మీటర్ అంకెలు చూపించడం మానేసి 'హై' అంటోంది. ఇందాక సూది వేద్దామని చూస్తే మందు లేదు.

"రెండు సంచుల్లో విడివిడిగా పెట్టాను కదా అత్తయ్యా!"

"రెండూ మన నీలం బ్యాగులో పెట్టి ఆ అబ్బాయికే ఇచ్చానమ్మా. కింద హోటల్ వాళ్ల పెద్ద ఫ్రిజ్‌లో పెడతానన్నాడు. మన తెలుగువాడే! లిఫ్ట్‌లో 'బాగున్నారా పెద్దమ్మా' అని పలకరించాడు..."

పరాయి దేశంలో తెలుగు వినిపిస్తే చాలు, అత్తయ్య మనసు వెన్నలా కరిగిపోతుంది.

సరిగ్గా అప్పుడే కిటికీలోంచి కనిపించాడు... అదే బ్యాగుతో గేటు దాటుతూ!

"గడియ పెట్టుకోండి. ఎవరొచ్చినా తీయొద్దు!"

అంతే. పరుగు.

ఏడుపు రావాలి. రావడం లేదు. కాళ్లు వాటి పని అవి చేస్తున్నాయి. మనసు ఎక్కడో గట్టు మీద కూర్చుని, ఎవరో పరిగెడుతుంటే చూస్తున్నట్టుంది.

వాడు మలుపు దగ్గర ఆగాడు. వెనక్కి చూశాడు. మళ్లీ కదిలాడు.

ఆయాసమేమో!

ఇంకో మలుపు. మళ్లీ ఆగాడు. మళ్లీ చూశాడు.

చెప్పు తెగింది. రెండోదీ వదిలేసింది. అరికాల్లో ఏదో దిగింది. నొప్పి మాత్రం తెలియలేదు.

సందు చివర మూసేసిన షట్టర్. ఇక దారి లేదు!

వాడు తిరిగాడు. పాతికేళ్లుంటాయి. నున్నగా దువ్విన తల. పెళ్లిచూపులకు వచ్చినవాడిలా ఉన్నాడు.

"ఏం పరుగు అక్కా! నా వల్ల కాలేదు."

"బ్యాగ్ ఇయ్యి."

"పోలీసుల్ని పిలుస్తావా?"

"పిలవను. ఈ గాజులు కూడా తీసుకో. మందు ఇచ్చేయ్... మనిషి పోతాడు!"

ఆమె గొంతు ఆమెకే వింతగా ఉంది. కూరగాయలు బేరమాడుతున్నట్టు, అంత మామూలుగా.

వాడు బ్యాగు విసిరాడు.

పట్టుకుంది! జిప్ లాగింది. మందు సంచులు రెండూ ఉన్నాయి. ఇంకా చల్లగానే ఉన్నాయి. ఒక్క సీసా పగల్లేదు!

బతికాడు... ఆయన బతికాడు!

వెనక్కి తిరిగింది. వాడు అడ్డు రాలేదు. గాజులూ అడగలేదు. గోడకు ఆనుకుని ఫోన్‌లో టైమ్ చూసుకుంటున్నాడు.

అంత సులువుగా ఎందుకిచ్చాడు?

ఆమె ఫోన్ మోగింది. అత్తయ్య!

"మందు దొరికింది అత్తయ్యా! వచ్చేస్తున్నా!"

"నువ్వు కంగారు పడకు తల్లీ. డాక్టర్ గారు వచ్చేశారు."

ఆమె ఆగిపోయింది.

"ఏ డాక్టర్? తలుపెందుకు తీశారు?"

"బయట నిలబడి 'పెద్దమ్మా' అన్నారమ్మా. ఎలా తీయకుండా ఉంటాను? ఆ అబ్బాయే పంపాడట."

మెల్లగా తల తిప్పింది.

వాడు నవ్వుతున్నాడు.

"బ్యాగ్ నేనేం చేసుకుంటాను అక్కా? నువ్వు గదిలో ఉంటే మావాడు లోపలికి ఎలా వెళ్తాడు?"

"అత్తయ్యా! సూది వేయించొద్దు! బయటికి పొండి... అరవండి!"

"ఎందుకే ఆ కేకలు? ఇప్పుడే వేశారు. పసివాడిలా పడుకున్నాడు. నాకూ ఒకటి వేస్తారట, బీపీకి మంచిదట. ఉండు, చెయ్యి చాపమంటున్నారు..."

"వద్దు!"

"అబ్బ... చీమ కుట్టినట్టుంది, అంతే..."

ఫోన్ నేల మీద పడిన చప్పుడు.

ఎవరో దాన్ని తీశారు. ఒక మగ గొంతు. ఎంతో మర్యాదగా, చక్కని తెలుగులో...

"తొందరేం లేదమ్మా. నిదానంగా రండి."