గ్రెగర్ తలలో దాచిన కోడ్

పట్టపగలు ఎడారి చమురు దేశంలోని ఫహాహీల్ సముద్రపు ఒడ్డున ఏజెంట్ ఆసిఫ్ హత్య జరిగింది. సైలెన్సర్ పిస్టల్. ఒక్క బుల్లెట్. చంపినవాడు విదేశీ ముఠా నాయకుడు గ్రెగర్. ఆసిఫ్ అన్న అజ్మతుల్లా కూడా ఏజెంటే.

"పగ ఇంట్లో పెట్టి వెళ్లు," అన్నాడు చీఫ్. "అహ్మదిలో ఏ చమురు ట్యాంకు కింద బాంబుందో తెలీదు. రిమోట్ గ్రెగర్ దగ్గర, కోడ్ అతని తలలో. రిమోట్ బయటికి తీయగానే పట్టుకో."

అజ్మతుల్లా సరేనన్నాడు గానీ పగను బట్టలతో పాటే సర్దుకున్నాడు.

ఫింటాస్‌లోని గ్రెగర్ విల్లాలో వంటవాడి వేషం వేశాడు. గ్రెగర్‌కు ప్రాణభయం ఎక్కువ. ప్రతి ముద్దా, ఆఖరికి మందు చుక్క కూడా, వంటవాడు ముందు రుచి చూడాలి. మద్యం దొరకని దేశంలో దొంగసారా కాయించుకు తాగి లివర్ పాడుచేసుకున్న మహానుభావుడాయన! పాడైన లివర్ రక్తంలో అమ్మోనియాను విరిచెయ్యలేదు. అది మెదడుకెక్కితే మతి మసకబారుతుంది, చేతులు అదుపు తప్పుతాయి. దాన్ని పేగుల్లోంచే బయటికి పంపే తియ్యటి సిరప్ పూటపూటకీ పడాలి.

అజ్మతుల్లా ఆ సీసాలో చక్కెర పాకం పోశాడు. గ్రెగర్ ముందే దర్జాగా రుచి చూశాడు. విషం కలిపితే కదా దొరకడానికి!

కొద్ది రోజులకే గ్రెగర్ పగలు కునుకుతూ, షర్టు గుండీలు తప్పుగా పెట్టుకోసాగాడు. నర్సు షబ్నమ్ ఇటు గ్రెగర్ జీతమూ, అటు చీఫ్ జీతమూ తినే అందగత్తె. సీసాలో వేలు ముంచి నాకి చూసింది.

"ఇది మందు కాదన్నా, పాకం."

"వానికి చెప్తావా మే?"

"నేనేం సూడలే."

ఆ మధ్యాహ్నం గ్రెగర్ సేఫ్‌లోంచి రిమోట్ తీశాడు. వేళ్లు మీటల మీద నిలవలేదు. "షబ్నమ్, నేను చెప్తా, నువ్వు నొక్కు. ఏడు... రెండు... తొమ్మిది..."

టీ ట్రే కింద అజ్మతుల్లా పిస్టల్ సిద్ధంగా ఉంది. అయినా తీయలేదు. తమ్ముణ్ణి చంపిన ఆ తల ఖాళీ అవడం కళ్లారా చూడాలనుకున్నాడు.

"ఆఖరి అంకె గుర్తొచ్చింది!" గ్రెగర్ ముఖం వెలిగింది. షబ్నమ్ వేలు మీటకు ఆనింది. అజ్మతుల్లా ట్రే పడేశాడు. పిస్టల్ లేపాడు.

"అదీ... అదే..." అంటూ గ్రెగర్ నోరు తెరిచి ఉండిపోయాడు. అజ్మతుల్లా రిమోట్ లాక్కున్నాడు.

"చెప్పినా నొక్కేదాన్ని కాదన్నా," అంది షబ్నమ్.

"నిన్ను నమ్మేదెట్ల మే!"

పిస్టల్ గ్రెగర్ నుదుటికి ఆనించాడు. "ఆసిఫ్! నా తమ్ముడు. గుర్తున్నాడా?"

గ్రెగర్ పసివాడిలా చూశాడు. "ఎవరు?"

అజ్మతుల్లాకు కోపంతో కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లూ ఈ ప్రశ్న కోసమే బతికాడు. జవాబును తన చేత్తోనే చెరిపేసుకున్నాడు. పిస్టల్ దించాడు.

"అసలు మందు తేమ్మా. జైల్లో కూడా నేనే తాగిస్తా. నా తమ్ముని పేరు వీని నోట వచ్చేదాకా వీడు సచ్చేదానికి ల్యా!"